పిల్లలు ఫోన్‌లో ఒకరికొకరు చేసుకునే సాయాన్ని కొలవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది. నల్లగొండలో ఎం.ఎడ్. చదువుతున్నారు. నకిరేకల్, దేవరకొండ వైపు ఉన్నత పాఠశాలల్లో 8, 9, 10 తరగతుల పిల్లలు ఆన్‌లైన్‌లో ఒకరితో ఒకరు ఎంత మంచిగా ఉంటున్నారు, ఎంత సాయం చేసుకుంటున్నారు అన్నది డిసర్టేషన్‌కు కొలవాలి. ఇంగ్లిష్‌లో దొరికిన ప్రశ్నావళిని తెలుగు చేసి, గూగుల్ ఫామ్‌గా క్లాసు వాట్సాప్ గ్రూపుల్లో పెడితే సరిపోతుందా? ఎంతమంది పిల్లలు కావాలి?

పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో బడిపిల్లలతో ప్రశ్నావళులు నింపించే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి ముందు ఒక మాట గట్టిగా చెప్తాను. గూగుల్ ఫామ్‌ను క్లాసు గ్రూపులో పెట్టకండి. ఆ గ్రూపులో ఉండే నంబర్లు ఎక్కువగా తల్లిదండ్రులవి. ఫామ్ నాన్న ఫోన్‌లో తెరుచుకుంటుంది, అన్న పక్కన కూర్చుని నింపుతాడు, లేదంటే అమ్మ చూస్తుండగా పిల్ల నింపుతుంది. నాన్న పొలం నుంచో డ్యూటీ నుంచో రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చేదాకా ఫోన్ దొరకని పిల్లలు అసలు నింపనే నింపరు. మీరు తెలుసుకోవాల్సింది ముఖ్యంగా వాళ్ల గురించే. కాగితం మీద అచ్చేయించండి. తరగతి గదిలో, పేరు రాయించకుండా, ఆ బడిలో పాఠాలు చెప్పని మనిషి ముందు నింపించండి. తమకు మార్కులు వేసే సారు, టీచరు ఎదురుగా నిలబడితే ప్రతి పిల్లా ‘నేను అందరికీ సాయం చేస్తాను’ అనే రాస్తుంది.

ఇక ప్రశ్నావళి సంగతి. మీ చేతికి మొదట దొరికేది బహుశా ఎస్‌డీక్యూ (స్ట్రెంగ్త్స్ అండ్ డిఫికల్టీస్ క్వశ్చనేర్). రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రకటించిన ఆ ప్రశ్నావళిలో 25 వాక్యాలుంటాయి, వాటిలో అయిదు మాత్రమే సాయపడే గుణం గురించి. ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు మార్కులు, మొత్తం పదికి. మంచి సాధనమే. కానీ దెబ్బ తగిలినవాళ్లకు సాయం చేస్తావా, చిన్నపిల్లలతో మంచిగా ఉంటావా, ఉన్నది పంచుకుంటావా అనే ఆ అయిదింటిలో ఇంటర్నెట్ ఊసు లేదు. పైగా పదికి ఎనిమిదో తొమ్మిదో వేసుకునే పిల్లలు చాలామంది ఉంటే పిల్లకూ పిల్లకూ తేడా కనిపించదు. మీ పనికి దీన్ని ప్రధాన సాధనంగా తీసుకోవద్దు, పక్కన తోడుగా పెట్టుకోండి.

మీకు దగ్గరగా వచ్చేది బెల్జియంలో తయారైన ప్రశ్నావళి. ఆంట్‌వర్ప్ విశ్వవిద్యాలయానికి చెందిన సారా ఎరీగర్స్, ఆమె తోటి పరిశోధకులు అక్కడి కౌమార వయసు పిల్లల కోసం 2018లో ప్రకటించారు. అందులో నాకు నచ్చిన విషయం, ఒకే రకం పనుల్ని రెండు వైపుల నుంచి అడగడం. నువ్వు ఇతరులకు ఎంత తరచుగా చేశావు, నీకు ఇతరులు ఎంత తరచుగా చేశారు. ఈ రెండో సగాన్ని మీరు ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి, దాని గురించి కింద వివరంగా రాస్తాను.

ఇంకో పేరు కూడా గుర్తుపెట్టుకోండి. గుస్తావో కార్లో, బ్రాండీ రాండల్ 2002లో సాయాన్ని ఆరు రకాలుగా విడదీశారు. నలుగురూ చూస్తుండగా చేసేది, ఎవరికీ తెలియకుండా చేసేది, ఆపదలో ఉన్నవాళ్లకు చేసేది, మనసు కరిగి చేసేది, అడిగితే చేసేది, ఏమీ ఆశించకుండా చేసేది. వాళ్లు ఆన్‌లైన్ కోసం రాయలేదు. కానీ మొదటి రెండింటి తేడా ఫోన్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పుట్టినరోజు నాడు దోస్తు ఫొటోతో పాట పెట్టి స్టేటస్ పెట్టడం ఒకటి. అదే దోస్తు పరీక్ష తప్పిన రాత్రి విడిగా ‘ఏం పరేషాన్ కాకు, సప్లిమెంటరీ రాద్దువు’ అని వాయిస్ మెసేజ్ పంపడం ఇంకొకటి. రెండూ మంచివే, కానీ ఒకే గంపలో వేసి లెక్కగడితే పది స్టేటస్‌లు పెట్టిన పిల్లవాడు ఒక్క వాయిస్ మెసేజ్ పంపినవాడికన్నా పది రెట్లు మంచివాడని తేలుతుంది.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. బెల్జియం పిల్లవాడి చేతిలో సొంత ఫోన్, సొంత ఖాతా ఉంటాయన్న నమ్మకం మీద ఆ వాక్యాలు నడుస్తాయి. కొండమల్లేపల్లిలోనో మక్తల్‌లోనో చాలా ఇళ్లలో ఒకే ఫోన్ ఇంటిల్లిపాదిదీ. అక్క ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తమ్ముడు కూడా వాడతాడు. ఆడపిల్లలు సొంత పేరు, సొంత ఫొటో పెట్టుకోరు. ఒక అబ్బాయి బాధగా ఉందని రాస్తే ఓదార్చే మాట పంపాలని ఉన్నా, చూసినవాళ్లు ఏమనుకుంటారోనని ఆగిపోతారు. దాంతో ‘బాధలో ఉన్నవాళ్లను ఓదార్చాను’ అనే వాక్యంలో ఆడపిల్లలకు తక్కువ మార్కులు వచ్చే ప్రమాదముంది. ఆ పిల్లల మనసులో లోటేమీ లేదు, ఉన్న లోటు అవకాశంలో. అందుకని ప్రతి పిల్లనూ ముందు ఇవి అడగండి: ఫోన్ ఎవరిది, రోజుకు ఎంతసేపు దొరుకుతుంది, నీ మెసేజీలు ఇంట్లో ఇంకెవరైనా చూస్తారా. జవాబుల్లో ‘ఒక్కసారి కూడా లేదు’తో పాటు ‘అలాంటి సందర్భం రాలేదు’ అనే గడి విడిగా పెట్టండి. ఆ ఒక్క గడి లేకపోవడం వల్ల ఫోన్ లేని పిల్లలు దయలేని పిల్లలుగా లెక్కలోకి ఎక్కుతారు. అది వాళ్లకు అన్యాయం.

గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు కూడా తీసుకుంటానన్నారు. హాస్టల్లో ఫోన్ ఉండదు, సెలవుల్లోనే వాళ్ల ఆన్‌లైన్ బతుకు. దసరా సెలవులు గానీ సంక్రాంతి సెలవులు గానీ అయిపోయి బడి తెరిచిన వారంలో వెళ్లి ‘సెలవుల్లో’ అని అడగండి. మామూలు బడిలో మాత్రం ‘గత ఏడు రోజుల్లో’ అని అడగండి. ‘సాధారణంగా నువ్వు’ అని అడిగితే పిల్లలు తమ గురించి తాము అనుకునేది రాస్తారు, చేసింది రాయరు. అయితే సెలవుల లెక్కనూ వారం లెక్కనూ కలిపి సగటు తీయకూడదు, రెండు గుంపుల ఫలితాలూ విడిగా చూపించాలి.

ఇంకొకటి, మన దగ్గర పిల్లలు ఫోన్‌తో చేసే సాయంలో పెద్ద వాటా విదేశీ ప్రశ్నావళుల్లో కనపడదు. రైతు భరోసా డబ్బులు పడ్డాయా అని బ్యాంకు మెసేజ్ చదివి తాతకు చెప్పేది తొమ్మిదో తరగతి పిల్ల. గ్యాస్ బుక్ చేసేది, పక్కింటి అవ్వ ఫోన్‌కు రీచార్జ్ వేసేది, ముంబైలోనో పుణెలోనో పనికి పోయిన అమ్మానాన్నలకు నానమ్మతో వీడియో కాల్ కలిపేది ఈ పిల్లలే. వలసపోయిన వాళ్ల పిల్లలు నారాయణపేట, కోస్గి వైపు, దేవరకొండ తండాల్లో ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పనక్కర్లేదు. చెల్లెకు అమ్మ గొంతు రోజూ వినిపించేలా చూసే పదమూడేళ్ల అన్నకు మీ ప్రశ్నావళిలో సున్నా పడితే, తప్పు ప్రశ్నావళిది. తోటి పిల్లలకు చేసేది ఒక భాగంగా, ఇంటివాళ్లకూ ఊరివాళ్లకూ చేసేది ఇంకో భాగంగా పెట్టండి. రెండింటినీ కలిపి ఒకే అంకె చేయకండి.

వాక్యాలు పుస్తక భాషలో రాస్తే పిల్లలు పరీక్ష అనుకుని బిగుసుకుపోతారు. వాళ్లు మాట్లాడేట్టు రాయండి. ‘దోస్తు స్టేటస్ చూసి బాధల ఉన్నట్టు అనిపిస్తే విడిగా మెసేజ్ పెట్టి ఏమైందని అడిగిన.’ ‘బడికి రానోళ్లకు ఆ రోజు నోట్స్ ఫొటో తీసి పంపిన.’ ‘గ్రూపుల ఒకర్ని అందరు ఎక్కిరిస్తుంటే ఆపమని చెప్పిన.’ ‘వేరేవాళ్ల పరువు పోయే ఫొటో నాకొస్తే ఎవ్వరికీ పంపకుండ డిలీట్ చేసిన.’ ఇలా ఒక్కో వాక్యంలో ఒక్క పనే ఉండాలి. ‘ఓదార్చాను, సాయం చేశాను’ అని రెండు కలిపితే ఏ పనికి టిక్కు పెట్టారో మీకు తెలియదు.

ఆ చివరి వాక్యం చూశారా, ఫొటో పంపకుండా డిలీట్ చేయడం. ఈ వయసు పిల్లలు చేయగల మంచిపనుల్లో దాన్ని నేను చాలా పైన పెడతాను. ఒక పిల్ల ఫొటో తరగతి గ్రూపులో తిరగడం మొదలైతే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ముగ్గురు నలుగురు పిల్లలు దాన్ని ముందుకు పంపకుండా ఆపితే ఆ పిల్ల చదువు ఆగకుండా ఉండొచ్చు. కానీ ఆ పని తెర మీద ఎక్కడా కనపడదు. లైకులు, కామెంట్లు లెక్కపెట్టి దయను కొలుస్తామనే పద్ధతులకు ఇది అందదు. అందుకే చేయకుండా ఆగిన పనులకు కనీసం రెండు మూడు వాక్యాలు కేటాయించండి.

కొన్ని పనులు మంచివో కావో మీరు ముందే తేల్చకండి. హోంవర్క్ జవాబులు ఫొటో తీసి పంపడం పిల్లల దృష్టిలో పెద్ద సాయం, టీచరు దృష్టిలో కాపీ. ‘ఈ పాప తప్పిపోయింది, అందరికీ పంపండి’ అనే పాత మెసేజ్‌ను ఆత్రంగా పది గ్రూపులకు పంపిన పిల్లవాడి మనసు మంచిదే, కానీ ఎవరికీ మేలు జరగలేదు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో పడిపోయిన తోటి ఆటగాణ్ని లేపడం చాలావరకు గెలవడానికి వేసే ఎత్తు, కొత్తగా వచ్చినవాడికి ఓపికగా ఆట నేర్పడం మాత్రం సాయమే. ఇలాంటివి ఒక విడి భాగంలో అడిగి, మార్కుల్లో కలపకుండా, ఎంతమంది చేస్తున్నారో మాత్రం రాయండి. మీ గైడ్‌తో మంచి చర్చ వస్తుంది.

అనువాదానికి మామూలు పద్ధతి రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో వివరించినది. ఒకరు తెలుగు చేస్తారు, మూలం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లిష్ చేస్తారు, రెండూ పోల్చి చూస్తారు. చేయండి, కానీ అక్కడితో ఆగకండి. ఆరేడుగురు పిల్లల్ని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టుకుని ప్రతి వాక్యం చదివించి, ‘దీన్ని నీ మాటల్లో చెప్పు, ఏం గుర్తొచ్చింది’ అని అడగండి. లంబాడీ ఇళ్ల పిల్లలు ఇద్దరైనా, సొంత ఫోన్ లేనివాళ్లు ఇద్దరైనా అందులో ఉండాలి. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలు అమ్మానాన్నలతో ఎక్కువగా వాయిస్ మెసేజీల్లోనే మాట్లాడుకోవచ్చు, కాబట్టి ‘రాసి పంపాను’ అన్న మాట వచ్చిన చోటల్లా ‘రాసి గానీ మాట్లాడి గానీ పంపిన’ అని మార్చాలి. ఉర్దూ మీడియం పిల్లల్ని తీసుకుంటే ఉర్దూ ప్రతి ఇదే శ్రద్ధతో తయారవ్వాలి. అంత సమయం లేకపోతే ఈసారికి తెలుగు, ఇంగ్లిష్ మీడియం పిల్లలకే పరిమితమని శీర్షికలోనే రాసేయండి.

పిల్లల చాట్లు తీసుకుని సాఫ్ట్‌వేర్‌తో విశ్లేషించవచ్చా అని కూడా అడిగారు. వద్దు. ‘నీయవ్వ, సూపర్ రా’ అనేది మెచ్చుకోలు, ‘చాలా మంచోడివి’ అనేది ఒక్కోసారి వెక్కిరింపు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగులో ఆ తేడా పట్టడం ఆ గుంపులో లేని మనిషికే కష్టం, ఇక యంత్రం సంగతి చెప్పేదేముంది. దానికన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. ఆ చాట్‌లో ఒప్పుకోని పిల్లల మాటలు కూడా ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు అందర్నీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల డేటాకు తల్లిదండ్రుల నిర్ధారిత సమ్మతి అడుగుతుంది. కాగితం మీద అడిగినా తల్లిదండ్రుల సంతకం, పిల్లల సొంత ఒప్పుకోలు రెండూ తీసుకోండి. సంతకం పెట్టలేని అవ్వకు చదివి వినిపించి వేలిముద్ర తీసుకోండి. వలస ఇళ్లలో ఎవరి సమ్మతి చెల్లుతుందో మీ కాలేజీ నైతిక కమిటీతో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

పిల్లలు తమ గురించి తాము గొప్పగా రాసుకోవడం ఎలా పట్టుకోవాలి? డగ్లస్ క్రౌన్, డేవిడ్ మార్లో 1960లో ఇందుకోసం 33 వాక్యాల జాబితా చేశారు, ‘నేనెప్పుడూ ఎవరినీ అసహ్యించుకోలేదు’ తరహాలో. పిల్లలకు అంత అక్కర్లేదు. అలాంటి నాలుగైదు వాక్యాలు మధ్యమధ్యలో కలపండి, అన్నిటికీ ‘నిజం’ అని టిక్కు పెట్టినవాళ్ల మార్కుల్ని జాగ్రత్తగా చదవండి. దీనికన్నా నేను ఎక్కువ నమ్మేది తోటిపిల్లల మాట. ‘గత నెలలో ఫోన్‌లో నీకు సాయం చేసినవాళ్లు, నీతో మంచిగా మాట్లాడినవాళ్లు మీ తరగతిలో ఎవరు? ముగ్గురి దాకా రాయి’ అని అడగండి. ఇది అడగాలంటే పేర్లకు బదులు కోడ్ నంబర్ల పట్టిక కావాలి, పిల్లలు తమ కాగితం మీద కూడా అదే కోడ్ వేస్తారు. ఆ పట్టిక పని అయ్యాక చింపేయాలి. ‘నిన్ను ఏడిపించేది ఎవరు’ అని మాత్రం పేర్లు అడగకండి, ఆ సాయంత్రమే ఎవరు ఎవరి పేరు రాశారని తరగతిలో గొడవ మొదలవుతుంది.

వేధింపుల ప్రశ్నలు పెట్టినా, సాయం మార్కుల్లోంచి వేధింపు మార్కుల్ని తీసేసి నికర మంచితనం అని చూపించకండి. ఎక్కువసేపు ఫోన్ పట్టుకునే పిల్లలు సాయమూ ఎక్కువ చేస్తారు, తగాదాలూ ఎక్కువ పడతారు. రెండూ వేర్వేరు కొలతలు, ఫోన్ దొరికే సమయాన్ని లెక్కలోకి తెచ్చాకే పోల్చాలి.

ఇక అందుకున్న సాయం సంగతి. మీ డిసర్టేషన్‌లో అన్నిటికన్నా పనికొచ్చే అంకె అదేనని నా నమ్మకం. ‘నేను బాధల ఉన్నప్పుడు ఎవరో ఒకరు మెసేజ్ పెట్టి అడిగిండ్రు’, ‘బడికి రాకపోతే నోట్స్ పంపిండ్రు’, ‘నన్ను ఎక్కిరిస్తుంటే ఎవరో ఒకరు ఆపిండ్రు’. ఈ వాక్యాల్లో గొప్ప చెప్పుకునే తొందర తక్కువ, ఎందుకంటే ఇక్కడ పొగడ్త వేరేవాళ్లకు పోతుంది. తరగతి సగటు కన్నా, వీటిలో ఒక్కదానికీ ‘అవును’ లేని పిల్లలు ఎంతమంది అన్నది చూడండి. నలభైమంది తరగతిలో మిగతా ముప్పైనాలుగు మందికి అందిన పలకరింపు ఆరుగురికి అందకపోతే, సగటు ఎంత బాగున్నా ఆ తరగతిలో చేయాల్సిన పని ఉన్నట్టే. వాళ్లకు ఫోన్ లేకా, గ్రూపులో చేర్చకా, కులం వల్లా, కొత్తగా బడి మారడం వల్లా అన్నది మీ మిగతా ప్రశ్నలు చెప్పాలి. ఇంత చేసి సగటు, ప్రామాణిక విచలనం పట్టిక వేసి వదిలేస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ప్రధానోపాధ్యాయులు ‘మంచి పిల్లల జాబితా ఇవ్వండి, ఆగస్టు 15న బహుమతి ఇద్దాం’ అంటారు. మర్యాదగా కాదనండి. బహుమతి ఉందని తెలిసిన మరుసటి ఏడాది నుంచి ఆ ప్రశ్నావళికి నిజమైన జవాబు రాదు. తరగతి స్థాయి ఫలితమే బడికి ఇస్తామని అనుమతి లేఖలోనే రాయించుకోండి. దానికి ఒకే మినహాయింపు ఉంది. నింపేటప్పుడు ఏ పిల్లయినా తనకు ప్రమాదం ఉందని రాసినా చెప్పినా గోప్యత అని ఊరుకోకూడదు, ఈ సంగతి పిల్లలకు మొదటే చెప్పాలి. ప్రతి కాగితం అడుగున పిల్లల సహాయవాణి 1098, సైబర్ నేరాలకు 1930, మానసిక సాయానికి టెలీ మానస్ 14416 అచ్చు వేయించండి.

విశ్వసనీయతకు, అంటే వాక్యాలన్నీ ఒకే గుణాన్ని నిలకడగా కొలుస్తున్నాయా అని చూడటానికి, అందరూ వాడేది లీ క్రాన్‌బాక్ 1951లో ఇచ్చిన ఆల్ఫా. 0.7 దాటితే చాలంటారు. 0.95 వచ్చిందని సంబరపడకండి, ఒకే ప్రశ్నను పదిసార్లు తిప్పి అడిగినా అలాగే వస్తుంది. ఒక యాభై అరవైమందితో రెండు వారాల తర్వాత మళ్లీ నింపించి పోల్చండి. మళ్లీ అదే కోడ్ వాడతారు కాబట్టి కోడ్ పట్టికను అప్పటిదాకా తాళం వేసి ఉంచాలి.

చివరగా సంఖ్య. 240 మంది చాలు, కానీ ఎక్కడి నుంచి అన్నది ముఖ్యం. ఒకే బడి పిల్లల జవాబులు ఒకదానికొకటి కాస్త దగ్గరగా ఉంటాయి. ఆ పోలికను అంకెల్లో 0.05 అనుకుందాం (సున్నా అంటే పోలికే లేదు, ఒకటి అంటే బడిలో అందరిదీ ఒకే జవాబు). నాలుగు బడుల్లో అరవైమంది చొప్పున తీసుకుంటే, అరవైలో ఒకటి తగ్గించి, ఆ 59ని 0.05తో గుణించి ఒకటి కలపండి, 3.95 వస్తుంది. 240ని దాంతో భాగిస్తే మీ చేతిలో నిజానికి ఉన్నది 61 మంది పాటి సమాచారం. అదే పన్నెండు బడుల్లో ఇరవైమంది చొప్పున తీసుకుంటే భాగించేది 1.95, చేతికొచ్చేది 123 మంది పాటి. తిరుగుడు ఎక్కువే, బస్సు ఖర్చూ ఎక్కువే, అయినా పన్నెండు బడులకే వెళ్లండి. అందులో రెండు గురుకులాలో కస్తూర్బాలో, మూడు తండాలకు దగ్గరి బడులు ఉండేలా చూసుకోండి. అనుమతి కోసం జిల్లా విద్యాధికారి కార్యాలయంలో ఇప్పుడే అర్జీ పెట్టి, అది వచ్చేలోపు ఆ ఆరేడుగురు పిల్లలతో వాక్యాలు చదివించే పని మొదలుపెట్టండి. ఆ కూర్చోవడానికి కూడా వాళ్ల తల్లిదండ్రుల సమ్మతి ముందే ఉండాలి.